ఏడో మంచం తెర

గోడలోంచి ఒక ఇనపచేయి మొలిచింది.
దాని అరచేతిలో తెర.
పగలంతా అది సిగ్‌ఫ్రెడ్‌ది.
రాత్రి రెండింటికి కాసేపు నాది.

మెడలోని కార్డు తాకించగానే
అతని సముద్రం మాయమవుతుంది.
ఉపమానం కాదు, సముద్రమే.
వాతావరణ సూచన తెరిచిపెట్టుకునే నిద్రపోతాడు:
వెస్ట్‌ఫియోర్డ్ మీద నైరుతి గాలి,
అలల ఎత్తు మూడున్నర మీటర్లు.
ఊపిరితిత్తుల్లో నీరు చేరిన మనిషికి
రేపటి అల ఎత్తు ఎందుకో
మొదటివారం అడగబోయి ఊరుకున్నాను.

సముద్రం పోయినచోట అంకెలు లేస్తాయి.
పొటాషియం, ఆక్సిజన్,
మూత్రం ఇన్ని మిల్లీలీటర్లు.

డిసెంబరు మొదట్లో మునిగిన సూర్యుడు
జనవరి దాకా తేలడు ఇక్కడ.
వార్డులో వెలుగంటే ఈ తెరలే.
నడవాలోంచి చూస్తే
కొయ్యలకు ఆరవేసిన కాడ్ చేపల్లా
వరసగా, నీలంగా, కొంచెం ఊగుతూ.

అతని వైపు తెర రోజుకు మూడుసార్లు
నొప్పి ఎంత అని అడుగుతుంది.
సున్నా నుంచి పది దాకా గుండ్రటి మొహాలు,
నవ్వు నుంచి ఏడుపు దాకా.
అతను ఎప్పుడూ మూడే నొక్కుతాడు.
"మూడంటే ఎంత?" అన్నానొకసారి.
"నలుగురిలో చెప్పుకోగలిగినంత."

ఆ రాత్రి మూడో మంచం గంట మోగింది.
పరుగెత్తాను.
కార్డు మెడలోనే ఉంది,
తెర మాత్రం నా పేరుమీద తెరుచుకునే ఉంది.
నలభై నిమిషాలు.

తిరిగొచ్చేసరికి
కళ్ళజోడు పెట్టుకుని కూర్చుని చదువుతున్నాడు.
నేను రాసినవే, నా పొడి వాక్యాలు:
కోలుకునే అవకాశం తక్కువ.
రోగికి ఇంకా అర్థమైనట్టు లేదు.
కూతురితో మాట్లాడాలి.

మూసేద్దామని చెయ్యి చాపాను.
మణికట్టు పట్టుకున్నాడు,
తాడుచక్రం రెండు వేళ్ళు మింగేసిన చేత్తో.
"ఇక్కడొక తప్పుంది," అన్నాడు.
గుండె జారింది.
మిగిలిన వేలు ఒక గడి మీద ఆగింది.
వృత్తి: విశ్రాంత ఉద్యోగి.

"ఉద్యోగం నేనెప్పుడు చేశాను?
పడవ అమ్మలేదు.
హావ్‌సూలా స్వోల్వార్ రేవులో
తాడు కట్టే ఉంది."

ఆ గడి మా చేతిలోది కాదు,
ఎక్కడో పెద్ద జాబితాలోంచి దానంతటదే వస్తుంది.
నొక్కాను. మీకు అనుమతి లేదు.
మళ్ళీ నొక్కాను. లేదు.
ఎర్రటి అక్షరాలు.
అతను నన్నే చూస్తున్నాడు,
వల చిక్కుకుంటే కుర్రాడేం చేస్తాడో చూసినట్టు.

నిద్ర పట్టిందా, విరేచనమైందా
రాసుకునే ఖాళీ ఒకటుంది మాకు.
అక్కడ రాశాను:
రెండూ యాభై. రోగి మేలుకునే ఉన్నాడు.
వృత్తి చేపలవేట. సొంత పడవ.

పైకి చదివాడు.
"పొడుగు కూడా వెయ్యి. ముప్ఫై ఆరు అడుగులు."
వేశాను.

"మరి మిగతాదంతా..." అన్నాను,
గొంతు పెగల్చుకుని.
కళ్ళజోడు తీసి మడిచాడు.
"మిగతాదాంట్లో
అక్షరదోషాలేం కనపడలేదు."

పొద్దున డ్యూటీ అప్పజెప్పేటప్పుడు తూరిద్ అడిగింది,
మూత్రం లెక్క కింద
ఈ ముప్ఫై ఆరు అడుగులేమిటని.
చెప్పాను. తెర వదిలి వెళ్ళిన తప్పు కూడా
నా మీద నేనే రాసుకున్నాను.
ఆమె కాఫీ చల్లారేదాకా మాట్లాడలేదు.

మరుసటి రాత్రి రెండింటికి
కార్డు తాకించాను. సముద్రం వెళ్ళిపోయింది.
నొప్పి వరసలో
మూడు, మూడు, మూడు,
సాయంత్రం ఆరింటికి
ఏడు.

ఆ అంకెను చాలాసేపు చూశాను.
డాక్టరును లేపాను. మందు పెంచాం.
కార్డు వెనక్కి తీసి
అతని సముద్రం అతనికి తిరిగిచ్చాను.

గాలి తగ్గుముఖం.
అల రెండు మీటర్లు.